భాగం – 7: పిల్లల విదేశీ ప్రయాణం – గుర్తింపు పత్రాలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పిల్లల ప్రయాణ పత్రాలన్నిటికీ జనన ధ్రువపత్రం ఎందుకు మూలమో వివరించగలుగుతారు.
• మైనరు పాస్‌పోర్టుకు కావలసిన పత్రాలను, తల్లిదండ్రుల సమ్మతి అవసరాన్ని తెలుపగలుగుతారు.
• వెళ్లే చోటును బట్టి ఏ పత్రం కావాలో గుర్తించగలుగుతారు.

7.0 ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు సముద్రం లేదు, అంతర్జాతీయ విమానాశ్రయం లేదు. అయినా ఈ జిల్లాల కుటుంబాలు గల్ఫ్‌లో పనిచేసే తండ్రి దగ్గరికి, అమెరికాలో కాన్పు అయిన కూతురి దగ్గరికి వెళ్తున్నాయి. ఇలాంటి ప్రయాణంలో పెద్దల కాగితాలు ముందే సిద్ధం చేసుకుంటారు. "చిన్నపిల్ల, ఒళ్లో కూర్చుంటుంది, ఆమెకెందుకు?" అనుకోవడం వల్ల చివరి వారంలో చిక్కు వస్తుంది. విదేశాలకు వెళ్లాలంటే నెలల పసికందుకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి. ఒకప్పుడు తల్లి లేదా తండ్రి పాస్‌పోర్టులోనే పిల్లల పేర్లు చేర్చేవారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు.

పెద్దల గుర్తింపు పత్రం "ఈ వ్యక్తి ఎవరు?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే చాలు. పిల్లల పత్రాలు "ఈ బిడ్డ ఎవరి బిడ్డ?" అన్న రెండో ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. తన గురించి తాను చెప్పుకోలేని బిడ్డ తరఫున ఆ కాగితమే మాట్లాడుతుంది. ఈ భాగంలోని నియమాలన్నీ ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

7.1 జనన ధ్రువపత్రం

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం బిడ్డ పుట్టిన చోటే జననం నమోదవుతుంది, తల్లిదండ్రులు నివసించే చోట కాదు. మన ప్రాంతంలో తొలి కాన్పు పుట్టింట్లో చేయడం ఆనవాయితీ. అత్తవారిల్లు భూపాలపల్లిలో ఉన్నా, కాన్పు హన్మకొండ ఆసుపత్రిలో జరిగితే నమోదు వరంగల్ నగరపాలక సంస్థలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది తమ ఊరి పంచాయతీ కార్యాలయం చుట్టూ తిరుగుతారు.

జననాన్ని 21 రోజుల లోపు ఉచితంగా నమోదు చేయించవచ్చు. ఆ తరువాత 30 రోజుల వరకు ఆలస్య రుసుము చెల్లించాలి. ఏడాది లోపైతే నిర్ణీత అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తప్పనిసరి; 2023 సవరణతో ఈ అధికారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ స్థాయి అధికారులకు వచ్చింది.

పేరు పెట్టకముందే నమోదు చేసిన పత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటుంది. 21వ రోజున పేరు పెట్టాక ఆ గడి నింపించడం చాలామంది మరచిపోతారు. మొదటి 12 నెలల్లో ఉచితంగా, 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించుకునే వీలుంది.

2023 అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కోసం పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. 2025లో సవరించిన పాస్‌పోర్టు నియమాలు ఈ సంగతి స్పష్టం చేశాయి. తండాలో, గూడెంలో ఇంటి దగ్గర పుట్టి నమోదు కాని బిడ్డకు ఈ నియమం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. అందుకే ఇంటి కాన్పును వెంటనే నమోదు చేయించాలి.

7.2 పేరు, ఊరు, జిల్లా

పత్రాల్లో తేడాలు ఎక్కువగా మూడు చోట్ల వస్తాయి.

(అ) ఇంటిపేరు: ఒక పత్రంలో పొడి అక్షరం, మరొక పత్రంలో పూర్తి ఇంటిపేరు ఉండవచ్చు. బానోత్, బానోతు అని ఒకే ఇంటిపేరు రెండు విధాలుగా పడవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. ఒకే పేరుతో ఉన్న పాస్‌పోర్టుపై సందర్శక వీసాతో వచ్చేవారిని అనుమతించబోమని 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. తరువాత కొంత సడలించింది.

(ఆ) తల్లి పేరు: పెళ్లికి ముందరి ఇంటిపేరు ఒకచోట, తరువాతిది మరొకచోట ఉంటే బిడ్డతో బంధం రుజువు చేయడం కష్టమవుతుంది.

(ఇ) జిల్లా: ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు పుట్టిన పిల్లల పత్రాల్లో వరంగల్ అని ఉంటుంది. గార్ల, బయ్యారం వారికి ఖమ్మం అని, కాటారం, మహదేవ్‌పూర్ వారికి కరీంనగర్ అని ఉంటుంది. పుట్టిననాటి జిల్లా అదే కాబట్టి ఇది తప్పు కాదు.

7.3 మైనరు పాస్‌పోర్టు

దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపి, సమయం కేటాయించుకుని, బిడ్డతో సహా కేంద్రానికి వెళ్లాలి. ఈ జిల్లాల వారికి వరంగల్ తపాలా కార్యాలయ పాస్‌పోర్టు సేవా కేంద్రం అందుబాటులో ఉంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు తెల్లని నేపథ్యంతో తీసిన ఫోటో వెంట తీసుకెళ్లాలి. సాధారణ రుసుము రూ. 1,000, ఎనిమిదేళ్ల లోపు వారికి 10 శాతం తగ్గింపు ఉంది.

పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లు లేదా 18 ఏళ్లు నిండేవరకు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని కోరతాయి. కాబట్టి ఐదేళ్ల పాస్‌పోర్టును నాలుగున్నర ఏళ్లదిగానే లెక్క వేసుకోండి.

7.4 తల్లిదండ్రుల సమ్మతి

దరఖాస్తుతో పాటు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెగ్జర్-డి ఇవ్వాలి. ఒకరి సమ్మతి దొరకనప్పుడు, ఒంటరి తల్లి లేదా తండ్రి అయినప్పుడు కారణం తెలుపుతూ అనెగ్జర్-సి ఇస్తారు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే, అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించిన ప్రమాణ పత్రం తెప్పించుకోవాలి. ఈ ఒక్క కాగితానికే వారాలు పట్టవచ్చు. పని ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

పాస్‌పోర్టు చేతికొచ్చాక కూడా ఈ ప్రశ్న వదలదు. బిడ్డతో తల్లి ఒక్కతే, లేదా తాతమ్మలు మాత్రమే ప్రయాణిస్తే, మిగతావారి సమ్మతి లేఖను నోటరీ చేయించి, జనన ధ్రువపత్రం నకలుతో వెంట ఉంచుకోవాలి. పిల్లల అక్రమ రవాణాను అరికట్టేందుకు 2015లో దక్షిణాఫ్రికా తల్లిదండ్రులిద్దరి వివరాలున్న జనన ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది, తరువాత సడలించింది. అధికారి అడిగే ప్రశ్న అవమానం కాదు, బిడ్డకు రక్షణ.

7.5 ఎక్కడికి ఏ పత్రం?

• నేపాల్: 15 ఏళ్ల లోపు భారతీయ పిల్లలకు పాస్‌పోర్టు అక్కరలేదు, ఆధార్ వంటి ఫోటో గుర్తింపు చాలు.
• భూటాన్: తల్లిదండ్రులతో వెళ్లే పిల్లలకు జనన ధ్రువపత్రం కావాలి.
• విహార నౌక: 2022లో విశాఖపట్నం నుంచి చెన్నైకి నడిచిన నౌక వంటి దేశీయ యాత్రకు ప్రభుత్వ గుర్తింపు పత్రం సరిపోతుంది. 2023లో చెన్నై నుంచి శ్రీలంకకు మొదలైన యాత్ర వంటివాటికి పాస్‌పోర్టు తప్పదు. నౌక ఆగే ప్రతి దేశం వీసా నియమాన్నీ విడిగా చూసుకోవాలి. విదేశీ రేవులో నౌక ఎక్కి, మధ్యలో మరో దేశం చూసి అదే రేవుకు తిరిగొస్తే అది రెండో ప్రవేశం.
• ఇతర దేశాలు: ప్రతి బిడ్డకూ సొంత పాస్‌పోర్టు, అవసరమైన చోట సొంత వీసా ఉండాలి.

7.6 విదేశాల్లో పుట్టిన పిల్లలు

అమెరికాలో పుట్టిన బిడ్డకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం వస్తుంది. ఆ బిడ్డ జనగామలోని అమ్మమ్మ ఇంటికి రావాలంటే అమెరికా పాస్‌పోర్టుతో పాటు భారత వీసా గానీ ఓసీఐ కార్డు గానీ ఉండాలి. గల్ఫ్ దేశాలు అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇవ్వవు. అక్కడి భారత కార్యాలయంలో ఏడాది లోపు జననం నమోదు చేయించి, భారత పాస్‌పోర్టు తీసుకోవాలి.

సారాంశం

పిల్లల ప్రయాణ పత్రాలు బిడ్డ ఎవరో, ఎవరి బిడ్డో రెండూ చెప్పాలి. జనన ధ్రువపత్రంలో పడిన తప్పు పాస్‌పోర్టుకు, వీసాకు పాకుతుంది. అందుకే టికెట్టు కొనడానికి ముందు జనన ధ్రువపత్రం తీసి, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ సరిచూసుకోండి. మీ ఇంట్లో, వాడలో పసిబిడ్డ ఉంటే, ప్రయాణం ఆలోచన లేకపోయినా ఈ పని నేడే చేయించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జననం ఎక్కడ నమోదవుతుంది? ఏడాది దాటితే ఎవరి ఉత్తర్వు కావాలి?
2. పిల్లల పాస్‌పోర్టు ఎంతకాలం చెల్లుతుంది?
3. తండ్రి దుబాయ్‌లో ఉన్నాడు. మహబూబాబాద్‌లో ఉన్న తల్లి ఏడేళ్ల కూతురికి పాస్‌పోర్టు తీయాలి. ఆమె చేయవలసిన పనులను వరుసక్రమంలో రాయండి.