ఒకే నంబరు రెండు మారులు వచ్చినచో

నంద్యాల జిల్లా బేతంచెర్ల మండలమందలి ముద్దవరములోను, కొలుములపల్లెలోను 2-45 అను ఇంటి నంబరు ఉండవచ్చును. అందు దోషము లేదు. కాని ఒకే గ్రామమున రెండిండ్లకు ఆ నంబరే ఉన్నచో పన్ను ఎవరిపై విధింపవలెనో తెలియదు. గ్రామము పేరును, ఇంటి నంబరును కలిపి చూచినపుడు ఒక్క ఇల్లే తేలవలెను. పూర్వము ఈ జాగ్రత్త గుమాస్తా వహించెడివాడు. నేడు కంప్యూటరు వహించుచున్నది.

1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ సమాచారమును పట్టికలుగా అమర్చు విధానమును ప్రతిపాదించెను. ప్రతి వరుసను తక్కిన వరుసలనుండి వేరుగా గుర్తించుటకు ఒక ఆధారముండవలెనని అందు చెప్పబడినది. దానిని కాపాడు కట్టుబాటే ఏకైకతా నిబంధన. దానికి విరుద్ధమైన పద్దును యంత్రము చేర్చుకొనదు. ఓరకిల్‌లో 00001, పోస్ట్‌గ్రెస్‌లో 23505 అను సంకేతము కనబడును.

నిరాకరణకు ముఖ్యముగా మూడు కారణములు కలవు.

మొదటిది: ఒకే దరఖాస్తు రెండు మారులు పంపబడుట. ఇదివరకే నమోదైనదని తెలిపిన చాలును.

రెండవది: అంకె తప్పుగా వ్రాయబడుట. అసలు కాగితముతో పోల్చి దిద్దవలెను.

మూడవది కష్టమైనది. ఒక వితంతువు పింఛనుకై వచ్చినదనుకొందము. ఆమె ఆధార్ నంబరు పొరపాటున వేరొకరి పేర ముందే చేరియున్నది. యంత్రము ఆమె పద్దును త్రోసివేయును. హక్కుగలామె వట్టిచేతులతో మరలును. తప్పు పద్దు నిలిచియుండును. ఏలయన ముందు వచ్చినదేదో యంత్రమునకు తెలియును గాని, నిజమైనదేదో తెలియదు. అది విచారించి తేల్చవలసినవారు మనుష్యులే.

పని జరుగుటకై ఒక అంకె మార్చియో, చుక్క చేర్చియో నమోదు చేయుట తగదు. 2-45, 2/45 అనునవి యంత్రమునకు వేర్వేరు నంబర్లు. కనుక వ్రాత తీరు ఒక్కటిగా ఉండవలెను. ముందుగా వెదకి చేర్చిన చాలదా యని కొందరడుగుదురు. ఇద్దరుద్యోగులు ఒకే క్షణమున వెదకినచో ఇద్దరికిని ఆ నంబరు లేదనియే కనబడును. కావున నిబంధన పట్టికలోనే ఉండి తీరవలెను.

ప్రతి నిరాకరణమును ఒక చిట్టాలో వ్రాయించవలెను. తేది, సమయము, రిజిస్టరు పేరు, అతిక్రమింపబడిన నిబంధన, నమోదు చేసిన ఉద్యోగి, అడ్డువచ్చిన పాత పద్దు, తుది పరిష్కారము అందుండవలెను. ఆధార్ నంబరు పూర్తిగా వ్రాయరాదు. చివరి 4 అంకెలు చాలును. పద్దు రద్దగునపుడు దానితోపాటు చిట్టాలోని వ్రాతయు తుడిచిపోకుండునట్లు చిట్టాను వేరుగా భద్రపరుపవలెను. ఈ వ్రాత లేనిచో ఆ వితంతువు కార్యాలయమునకు వచ్చినట్లే ఆధారముండదు.

సభ్యులు పంచాయతీ సమావేశమున ఎన్ని పద్దులు నిరాకరింపబడినవో, ఎన్ని పరిష్కారమైనవో, మిగిలినవి ఎవరివద్ద ఆగియున్నవో కార్యదర్శిని అడిగి తెలిసికొనవలెను. దరఖాస్తుదారునకు నిరాకరణ కారణమును, మరల రావలసిన తేదిని కాగితముపై ఇప్పించవలెను.