పద్దు పుస్తకం నిలబెట్టిన కోట

2002లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఆటలు కొన్ని దక్షిణ కొరియాలోని సువోన్ నగరంలో జరిగాయి. 2017లో ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల ప్రపంచ కప్పు ఫైనలూ అక్కడే. కానీ ఆ ఊరికి అసలు పేరు తెచ్చింది హ్వాసోంగ్ కోట అండీ.

జోంగ్జో రాజు తండ్రి సమాధిని ఆ ప్రాంతానికి మార్పించి, 1794–96లో ఈ కోట కట్టించాడు. 1795లో తల్లికి అరవై ఏళ్లు నిండిన వేడుక అక్కడే జరిపాడు. పనివాళ్ల పేర్లు, ఇచ్చిన కూలి, వాడిన సామాను అన్నీ రాయించాడు. ఆ పద్దులు 1801లో అచ్చయ్యాయి.

1950–53 యుద్ధంలో కోట బాగా దెబ్బతింది. 1970లలో ఆ పుస్తకం చూసుకునే బాగుచేశారు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

పాల పద్దు రాస్తుంటే ఇంట్లో ఎవరైనా నవ్వారా? ఈ కథ చెప్పండి!