ఆటబొమ్మకు నడక నేర్పువారు

నెల్లూరునకు తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున, ఇందుకూరుపేట మండలములో, మైపాడు సముద్రతీరము కలదు. సెలవుదినములలో అచ్చటికి స్నానములకును షికారునకును వచ్చువారు అనేకులు. మేము వెళ్ళినది అందులకు కాదు. మత్స్యకారుల కార్యక్రమమునకై కొన్ని సంభాషణలు రికార్డు చేసికొనుటకు వెళ్ళితిమి. పని ముగిసి యంత్రమును సంచిలో సర్దుకొనుచుండగా, అంతవరకు తుపానులను గూర్చియు వలల ధరలను గూర్చియు మాతో ముచ్చటించిన పెద్దాయన ఒకరు మమ్ము ప్రక్కకు పిలిచిరి.

"అయ్యా, మీరు నాలుగూళ్ళు తిరిగేవోళ్ళు. ఒక్కమాట చెప్పండి. మావోడు ఇంటరు అయిపోయినాడు. సెల్లులో ఆటలుంటాయే, వాటిల్లో బొమ్మలు పరిగెత్తతాయే, ఆ బొమ్మల్ని చేసే పని నేర్చుకుంటాడంట. టౌన్లో ఎవురో నేర్పిస్తారంట. రెండు లచ్చలు కట్టాలంట. పడవలో నా వాటా అమ్మితే వస్తాయి. అది కొలువా, జూదమా? అమ్మేదా, వద్దా?"

ఆ ప్రశ్నకు మేము నాడు సమాధానము చెప్పలేకపోతిమి. తెలియని విషయమున తెలిసినట్లు మాటలాడుట మైక్రోఫోను ముందు ఎంత తప్పో, ఇసుకలో నిలుచుండియు అంతే తప్పు. తిరిగి వచ్చిన పిదప విచారించి తెలిసికొన్న దానిని ఇచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి ప్రశ్న మా శ్రోతల ఇండ్లలో మరికొన్నింట ఉండియే యుండును.

ముందుగా జూదము మాట. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటను వాటిని నిషేధించి, పందెము లేని ఆటలను వేఱుపఱచి ప్రోత్సహింపదగినవిగా పేర్కొన్నది. కనుక పెద్దాయన భయము నిరాధారము కాకపోయినను, ఆయన కుమారుడు కోరునది ఆ త్రోవ కాదు. కాని ఆ కుమారునికిని ఒక మాట చెప్పవలసియున్నది. ఆట ఆడుట వేఱు, ఆటను చేయుట వేఱు. రోజునకు ఆఱు గంటలు ఆడినంతమాత్రమున ఆ విద్య అబ్బదు. దినమునకు రెండు సినిమాలు చూచువాడు దర్శకుడైన యెడల మన వీధికి పదుగురు దర్శకులుందురు.

ఇక పని యొక్క స్వరూపము. దీనికి పేరు కొత్తదేగాని మూలము మనకు కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తోలుబొమ్మలాటను ప్రస్తావించి యున్నాడు. ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో నేటికిని తోలుబొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ కళాకారులలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. తోలుబొమ్మను దగ్గఱగా చూచినవారికి తెలియును: అది ఒక్క ముక్క కాదు. భుజము, మోచేయి, నడుము వంటి చోట్ల ముక్కలను వేఱు వేఱుగా కత్తిరించి, దారముతో కీళ్ళు కట్టుదురు. కీలు బిగిసినచో చేయి కదలదు, వదులైనచో హనుమంతుడు త్రాగినవానివలె ఊగును.

కంప్యూటరులోనైనను జరుగునది ఇదియే. బొమ్మకు ఆకారము కల్పించువాడు మోడలరు. లోపల ఎముకలును కీళ్ళును అమర్చువాడు రిగ్గరు. ఆ కీళ్ళను కదల్చి బొమ్మకు నడకయు కోపమును అలసటయు ఇచ్చువాడు యానిమేటరు. చిన్న సంస్థలలో ముగ్గురి పనియు ఒక్కడే చేయుటయు కద్దు. తోలుబొమ్మలవాడు తానే చర్మమును శుభ్రపఱచి, రంగువేసి, ఆడించి, పాడును గదా.

సినిమాలో సెకనుకు 24 చిత్రములు మన కంటి యెదుట సాగిపోవును. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రమును మా శ్రోతలు మఱచియుండరు. అందలి ఈగకు మాట లేదు. తన పగను తలతోను కాళ్ళతోను రెక్కలతోను చెప్పవలసి వచ్చినది. ఆ పనికై హైదరాబాదులోని మకుట సంస్థకు జాతీయ పురస్కారము లభించినది. 2008 నుండి పిల్లలు టెలివిజనులో చూచుచున్న 'ఛోటా భీమ్' కూడ హైదరాబాదులోనే, రాజీవ్ చిలకగారు స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టినది.

ఐతే వీడియో ఆటలోని బొమ్మ సినిమాలోని బొమ్మ వంటిది కాదు. సినిమాలో ఈగ ఎప్పుడు ఎగురవలెనో దర్శకుడు నిర్ణయించును. ఆటలో ఆ నిర్ణయము ఎచటనో గుమ్మముమీద కూర్చున్న పిల్లవాని బొటనవ్రేలిలో ఉన్నది. వాడు ఎప్పుడు మీట నొక్కునో, నడుచుచున్న బొమ్మను ఏ అడుగుమీద ఆపి దుమికించునో, దానిని చేసినవానికి తెలియదు. అందువలన యానిమేటరు నిలుచుట, నడచుట, పరుగెత్తుట, తిరుగుట, పడుట అను చిన్న చిన్న తునుకలను చేసి, ఏ తునుక నుండియైనను మఱియొక దానిలోనికి అతుకు కనబడకుండ మాఱునట్లు కూర్చవలెను. కోలాటమున గురువు కోపు మార్చగానే, ఎవరు ఏ అడుగుమీద నున్నను తడబడక కొత్త కోపులో కలియవలెను గదా! ఇదియు అట్టిదే. నడక విషయమున ఇంకొక నియమము కలదు: దాని చివరి చిత్రము మొదటి చిత్రముతో కలిసిపోవలెను. లేనిచో బొమ్మ ప్రతి రెండడుగులకు ఒకసారి త్రుళ్ళిపడును.

అసలు చిక్కు ఇంకొకటి. మనిషి దుముకుటకు ముందు మోకాళ్ళు వంచును. వంచనిచో ఆ దుముకులో బరువు కనబడదు. సినిమాలో ఆ వంపును తీఱికగా చూపవచ్చును. ఆటలో తీఱిక లేదు. మీట నొక్కిన తరువాత బొమ్మ అర సెకను వంగి కూర్చున్నచో, ఆడువాడు మీట చెడినదనుకొనును. నేటి ఆటలలో పెక్కు సెకనుకు 30 లేక 60 చిత్రములతో నడచును. 60 అయినచో ఒక్కొక్కటి సెకనులో వేయింట 17 వంతుల కాలము మాత్రమే నిలుచును. అట్టివి నాలుగైదింటిలో మోకాలు వంగవలెను, బరువును తెలియవలెను, బొమ్మయు ఎగురవలెను. ఈ వృత్తిలో జీతము దీనికే ఇత్తురని చెప్పవచ్చును.

ఇబ్బందిలోనుండియే ఉపాయము పుట్టిన కథ యొకటి యున్నది. 1981లో జపానుదేశీయుడు షిగెరు మియామోటో 'డాంకీ కాంగ్' అను ఆటకు ఒక మనిషిని గీయవలసి వచ్చెను. చోటు కొలదిపాటి చుక్కలు మాత్రమే. నోరు గీయుటకు వీలుకాక పెద్ద ముక్కును మీసమును పెట్టెను. ఎగిరినపుడు జుట్టు కదల్చుట కష్టమని టోపీ తొడిగెను. ఆ మీసాలవాడే తరువాత మారియో అను పేర లోకమంతట ప్రసిద్ధి పొందెను.

మైపాడు యువకునికి దీనికంటె పనికివచ్చు కథ మఱియొకటి. 1985లో జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు తన తమ్ముడు డేవిడుచేత పరుగెత్తించి, దుమికించి, దానిని వీడియో కెమెరాతో తీసెను. పిదప ఒక్కొక్క చిత్రమును నిలిపి, దానిపై బొమ్మను దిద్దుకొనెను. అట్లు తయారైన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' 1989లో వెలువడినది. అందలి రాకుమారుడు పరుగున మీట వదలగానే నిలువక జాఱి ఆగును, అంచు పట్టుకొని వ్రేలాడి కాళ్ళు పైకి లాగుకొనును. చూచినవారు అది బొమ్మయని మఱచిరి. మెక్నర్ చేతనున్న కెమెరాకంటె మంచిది నేడు పాళెములోని ప్రతి యింటను సెల్లుఫోనులో ఉన్నది. తమ్ములకును కొఱత లేదు.

చూచుటకు కావలసినదంతయు ఆ తీరముననే కలదు. తడి యిసుకపై నడచుటకును పొడి యిసుకపై నడచుటకును తేడా యేమి? అలకు ఎదురుగా పడవను త్రోయు నలుగురిలో బరువు ఎవరి భుజముమీద పడుచున్నది? తట్టతో చేపలు మోసికొని పోవు స్త్రీ మెడ కదలక, నడుము మాత్రము ఎట్లు ఊగును? ఈ వృత్తిలోని పెద్దలు చెప్పు మొదటి పాఠము కంప్యూటరు కాదు. ఇట్టి చూపు, పెన్సిలు. డిస్నీ సంస్థలో జీవితమంతయు బొమ్మలు గీసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్స్టన్ అనువారు 1981లో తమ పని సూత్రములను పండ్రెండుగా గ్రంథస్థము చేసిరి. వానిలో యంత్రమును గూర్చిన సూత్రము ఒక్కటియు లేదు.

ఉపకరణముల విషయమున పేదవానికి ఊరట కలదు. బ్లెండర్ అను సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనను రుసుము లేకుండ పొందవచ్చును. 2025లో ఆస్కారు పొందిన 'ఫ్లో' అను చలనచిత్రము దానితోనే చేయబడినది. ఆట కూర్చుటకు గొడాట్ అనునదియు ఉచితమే. కంప్యూటరు మాత్రము కొనక తప్పదు. డిగ్రీ చదువదలచినవారికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమున బి.ఎఫ్.ఏ.లో యానిమేషను శాఖ యున్నది. కేంద్ర ప్రభుత్వము 2022 బడ్జెటులో ఈ రంగమునకై ప్రత్యేక సంఘమును ప్రకటించినది.

పని దొరకు చోట్లు హైదరాబాదు, బెంగుళూరు, పూనా వంటి నగరములు. 1997లో బెంగుళూరున ఆరంభమైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో అమెరికాకు చెందిన రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ కొనినది. పూనాలోని నోడింగ్ హెడ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన 'రాజీ' ఆటలో కథను చెప్పు ఘట్టములు నీడబొమ్మలాట తీరుననే నడచును. ఇది మాకు ప్రత్యేకముగ సంతోషము కలిగించినది.

వెలుగు చూపి నీడను దాచుట న్యాయము కాదు. రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థకు హైదరాబాదులోను శాఖ ఉండెడిది. ఆ సంస్థ 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' చిత్రములోని పనికి ఆస్కారు గెలిచెను. ఆ నెలలోనే దివాలా దరఖాస్తును పెట్టుకొనెను. 2023, 2024 సంవత్సరములలో అనేక దేశములందు ఆటల సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగించినవి. విడుదల దగ్గఱపడినపుడు రాత్రింబవళ్ళు పనిచేయించు అలవాటు ఈ రంగమున ఉన్నదే. కొంత పనిని కృత్రిమ మేధ చేయనారంభించినది. ఏది మిగులునో ఎవరును నిశ్చయముగ చెప్పుట లేదు.

ఇన్ని తెలిసికొని మేము పెద్దాయనకు ఫోనులో చెప్పినది ఇది. పడవలో వాటా ఇప్పుడే అమ్మవలదు. కుఱ్ఱవానిచేత ఒక సంవత్సరము పెన్సిలుతోను ఫోనుతోను పని చేయింపుడు. రుసుము అడుగువారిని, వారివద్ద చదివి వెళ్ళినవారు చేసిన బొమ్మలను చూపుమని అడుగుడు. ఎచ్చట పనిచేయుచున్నారో అడుగుడు. "ఉద్యోగము ఖాయము" అను మాటను కాగితముమీద వ్రాసి యిమ్మనుడు. ఈ రంగమున ఉద్యోగమిచ్చువారు సర్టిఫికెట్టుకంటె ముందు చూచునది ఒక నిమిషము నిడివిగల స్వంత పని.

గత మాసమున మరల మైపాడు వెళ్ళితిమి. ఆ కుఱ్ఱవాడు నోటుపుస్తకమున గీసిన బొమ్మలను ఒక్కొక్కటిగా ఫోనుతో ఫొటో తీసి, వరుసగా కూర్చి, మాకు చూపెను. సెకనుకు పండ్రెండు బొమ్మలు. ఒడ్డునుండి తండ్రి పెద్దవల లాగుట. చూపిన సేపు రెండు సెకనులు. మాకు బాగుగనే యున్నట్లు తోచినది. పెద్దాయన మాత్రము ఫోనును ఎండకు అడ్డుపట్టి మూడుసారులు చూచి, "వల చేతుల్తో లాగతారంట్రా ఎవురైనా? ముందు మడమ దిగాల ఇసకలో. ఆ పైన నడుం. చేతులు ఆకర్న," అనెను.

"ఇంకోసారి లాగి చూపించు నాయనా," అనెను వాడు.

ఆయన తువ్వాలును పడవ అంచునకు ముడివేసి, మడమలు ఇసుకలో నిలద్రొక్కి, వెనుకకు వాలెను. కుఱ్ఱవాడు నాలుగవ బొమ్మను రబ్బరుతో తుడిచివేయనారంభించెను.