తెర మీద వ్యాఖ్యల జడివాన

చైనాకు చెందిన బిలిబిలి వేదికలో వీడియో తెరిచిన కొత్తవారికి మొదట చిరాకే కలుగుతుంది. దృశ్యం మీదుగానే కుడి నుంచి ఎడమకు అక్షరాలు వరుసలు వరుసలుగా పరుగెడుతుంటాయి. ఒకరు నవ్వుతారు, ఒకరు విసుక్కుంటారు, అసలు ఘట్టం వస్తోంది, సిద్ధంగా ఉండండని మరొకరు హెచ్చరిస్తారు. ఒక్కోసారి నటుల ముఖాలే కనిపించవు. అయినా కోట్ల మంది ఈ వ్యాఖ్యలతోనే వీడియోలు చూస్తారు.

ఈ పద్ధతి జపాన్‌ది. 2006 డిసెంబరులో మొదలైన నికోనికో వీడియో సేవ దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. అక్కడ దీన్ని ‘దాన్‌మాకు’ అంటారు. తూటాల తెర అని అర్థం. తెర నిండా గుళ్లు కురిసే వీడియో గేముల నుంచి వచ్చిన మాట అది.

వ్యాఖ్యలు అప్పటికప్పుడు వస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, చాలావరకు అది భ్రమ. ప్రతి వ్యాఖ్యా గడియారంలోని సమయంతో కాక, వీడియోలోని సమయంతో ముడిపడి ఉంటుంది. 12వ నిమిషం 40వ సెకను దగ్గర ఒకరు మూడేళ్ల కిందట రాసిన మాట, ఈ రాత్రి ఒంటరిగా చూస్తున్నవారికి సరిగ్గా అదే సెకనులో ఎదురవుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడాన్ని యూట్యూబ్‌లో 80 లక్షల మందికి పైగా నిజంగానే ఒకే క్షణంలో చూశారు. దాన్‌మాకులో ఆ తోడు కల్పితం. కానీ మనసు ఈ తేడాను పెద్దగా పట్టించుకోదు.

తోడుకున్న బలం చిన్నది కాదు. హీరో ప్రవేశానికి హాల్లో ఈలలు పడకపోతే సగం మజా పోతుందని తెలుగు ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ విద్యార్థులతో నవ్వుల లెక్క రాయించారు. టీవీ, పుస్తకాల వంటివి పక్కనపెట్టి చూస్తే, ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు వారు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వారు.

తోడుతో పాటు గుంపు ఒత్తిడీ వస్తుంది. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, వార్తల వెబ్‌సైట్‌లోని కొన్ని వ్యాఖ్యలకు పరిశోధకులు యాదృచ్ఛికంగా ఒక్క అనుకూల ఓటు కలిపారు. చివరికి ఆ వ్యాఖ్యల సగటు రేటింగు 25 శాతం పెరిగింది. ప్రతికూల ఓటు కలిపిన చోట మాత్రం తర్వాతి పాఠకులు దాన్ని సరిదిద్దారు. గుంపు మెచ్చుకోలుకు లొంగినంత సులువుగా నిందకు లొంగలేదన్నమాట.

ఇక కంటి సంగతి. మనం స్పష్టంగా చూడగలిగేది సుమారు రెండు డిగ్రీల మేరే. అంటే చేయి చాచి పట్టుకున్న బొటనవేలి వెడల్పంత. కదిలే అక్షరాల వెంట చూపు వెళ్లినంతసేపూ దృశ్యం మసక అంచుల్లోకి జారుతుంది. అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలిగే అంశాలు కూడా నాలుగుకు అటూ ఇటూగానే ఉంటాయని మనోవిజ్ఞానం చెబుతోంది. చూసేది హాస్య సన్నివేశమైతే పోయేదేమీ లేదు. భౌతికశాస్త్ర పాఠంలో సమీకరణం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వెళ్తున్నప్పుడు చూపు తప్పితే, మిగతా పది నిమిషాలూ వృథా.

ఇక్కడే కొలతలతో పేచీ. ఎక్కువ వ్యాఖ్యలు పడిన వీడియోను జనం ఎక్కువసేపు చూశారు కాబట్టి వ్యాఖ్యలే వారిని కట్టిపడేశాయనడం తొందరపాటు. రసవత్తరమైన ఘట్టమే వ్యాఖ్యలనూ రప్పిస్తుంది, ప్రేక్షకులనూ నిలుపుతుంది. కారణం తేలాలంటే ఒకే వీడియోను కొందరికి వ్యాఖ్యలతో, కొందరికి లేకుండా, ఎవరికేది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించి చూపాలి. చూసిన నిమిషాలతో పాటు గుర్తున్న విషయాన్నీ పరీక్షించాలి. ‘నిమగ్నత’ అనే ఒక్క మాట కింద ఈ రెండింటినీ కలిపేయడం వేదికల వ్యాపారానికి అనుకూలమేమో గానీ విద్యార్థికి కాదు.

వేదికలకూ ఈ చిక్కు తెలుసు. బిలిబిలిలో వ్యాఖ్యలను పూర్తిగా ఆపేసే మీట ఉంది. మనిషి ఆకారాన్ని కంప్యూటర్ గుర్తించి, అక్షరాలు ఆ మనిషి వెనుక నుంచి సాగిపోయినట్టు చూపే ఏర్పాటూ ఉంది. పూర్తి సభ్యత్వం కోరే కొత్తవారికైతే 100 ప్రశ్నల పరీక్ష పెట్టారు. అందులో తోటి ప్రేక్షకులను ఇబ్బంది పెట్టకుండా ఎలా రాయాలన్న ప్రశ్నలూ ఉంటాయి.