ద్రాక్ష తీగ కాయడం లేదా? నరకకండి, కత్తిరించండి



"మూడేళ్ళయింది సార్, పందిరి నిండా ఆకులే. ఒక్క గుత్తి లేదు. తీసి పారేద్దామనుకుంటున్నాం" అని చెప్పేవారు ఉన్నారు. దయచేసి తీసేయకండి. చాలావరకు కారణం ఒకటే, ఆ తీగకు కత్తెర పడలేదు.

చలి దేశాలలో శీతాకాలం రాగానే ద్రాక్ష ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేచి చిగురుతో పాటు పూత పెడుతుంది. మన సత్రపట్టిలో అంత చలి ఎక్కడిది? తీగకు నిద్ర లేదు, మెలకువ లేదు. ఏడాది పొడుగునా పాకుతూనే ఉంటుంది. ఆ చలి చేసే పనిని ఇక్కడ మనం కత్తెరతో చేయవలెను.

ఎప్పుడు చేయాలన్నది ముఖ్యం. తెలుగు పుస్తకాలలో ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి కత్తిరింపు అని ఉంటుంది. అది హైదరాబాదు వైపు అనాబ్-ఎ-షాహీ వంటి రకాలకు చెప్పిన లెక్క. అక్టోబరు మనకు అడమళ కాలం. అప్పుడు కత్తిరిస్తే లేత చిగురు, పూత వానలో తడిసి తెగులు పట్టిపోతుంది. మనకు దగ్గరి దారి పక్కనున్న తేని జిల్లా, కంబం లోయ. అక్కడి పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పెరటికి ఆ రకమే మేలు. గింజ ఉంటుంది, ఉండనివ్వండి, వాసన బాగుంటుంది. డిసెంబరు, జనవరిలో కత్తిరిస్తే ఏప్రిల్, మేలో పండుతుంది. అంటే పొంగల్ సెలవుల్లో కత్తెర, వేసవి సెలవుల్లో పళ్ళు! మళ్ళీ మే, జూన్‌లో కత్తిరిస్తే ఆగస్టు, సెప్టెంబరులో రెండో కాపు.

ఇక పద్ధతి. ముదిరి గోధుమరంగుకు తిరిగిన కొమ్మను పట్టుకోండి. కణుపు కణుపుకూ ఒక కన్ను ఉంటుంది. మొదటి నుంచి నాలుగు కళ్ళు లెక్కపెట్టి ఆపైన కత్తిరించండి. లావు కొమ్మకు ఆరు ఉంచవచ్చు. ఉన్న ఆకులన్నీ దూసేయండి. చూడటానికి పందిరి బోసిపోయి ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడతారు, పర్వాలేదు. కోసిన చోట నీరు చుక్కలు చుక్కలుగా కారితే భయపడకండి, అది దానంతటదే ఆగుతుంది. రాబోయే గుత్తి ఆ కన్ను లోపలే ముందుగా తయారై ఉంటుంది. కొమ్మకు ఎండ తగలకపోతే తయారు కాదు. అందుకే నీడన ఉన్న తీగకు ఎంత కత్తిరించినా ఫలితం తక్కువ.

పిల్లలూ, చిగురు వచ్చాక గమనించండి. నులితీగ ఆకుకు ఎదురుగా పుడుతుంది, గుత్తీ అలాగే ఆకుకు ఎదురుగానే పుడుతుంది. రెండూ ఒక జాతివే.

కొత్తగా పెట్టేవారు గింజ నాటవద్దు, తల్లి గుణం రాదు. వేరు పట్టిన కొమ్మను జూన్, జూలైలో రెండడుగుల గుంతలో బాగా మాగిన పశువుల ఎరువు వేసి నాటండి. పందిరి అందేదాకా ఒక్క కాండాన్నే పైకి పోనిచ్చి, పక్క పిలకలు గిల్లేయండి. పందిరి ఎక్కాక కొన తుంచితే రెండు వైపులా చేతులు చాస్తుంది.

ఆకు పైన నూనె మరకలు, కింద తెల్లని బూజు కనిపిస్తే బోర్డో మిశ్రమం కొట్టాలి. 10 గ్రాముల మైలుతుత్తం అర లీటరులో, 10 గ్రాముల సున్నం అర లీటరులో విడివిడిగా ప్లాస్టిక్ బక్కెట్లలో కలిపి, తర్వాత రెండూ ఒకదానిలో పోయండి. శుభ్రమైన ఇనుప కత్తిని ముంచి తీయండి. ఎర్రగా రాగి పట్టితే సున్నం చాలలేదని అర్థం. ఇది పెద్దలే చేయవలెను, పండ్లు రంగు తిరిగాక కొట్టరాదు.

పండే వేళకు చిలుకలు, ఉడుతలు వస్తాయి. మన ఊళ్ళో బ్యాండేజి గుడ్డకు కరువా? గుత్తికొక సంచి కుట్టి కట్టండి, గాలి ఆడుతుంది. కోయడానికి వారం ముందు నీళ్ళు ఆపితే తీపి ఎక్కుతుంది.