మీకు తెలుసా? మగవారికీ రొమ్ములు పెరుగుతాయి!

★ పుట్టి వారం తిరక్కుండానే మగబిడ్డకు రొమ్ములు ఉబ్బి రెండు చుక్కల పాలు వచ్చాయంటే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కానీ నూటికి 60 నుంచి 90 మంది పసికందుల్లో, ఆడైనా మగైనా, ఈ ఉబ్బు కనిపిస్తుంది! కడుపులో ఉండగా బిడ్డకు చేరిన తల్లి హార్మోన్ల ప్రభావమది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసే అమ్మమ్మలూ, ఆ పాలు మాత్రం పిండకండి, చీము పడుతుంది!

★ గన్నవరం కుర్రాళ్లూ, చొక్కా విప్పడానికి సిగ్గేసి ఏలూరు కాలువలో ఈత మానేశారా? 13, 14 ఏళ్ల మగపిల్లల్లో దాదాపు సగం మందిది ఇదే సంగతి! ఆడ, మగ హార్మోన్ల పాళ్లు ఇంకా కుదురుకోని వయసది, చాలామందికి రెండేళ్లలో తగ్గిపోతుంది.

★ కండల కోసం వేయించుకున్న మగ హార్మోను ఇంజక్షనే రొమ్ములు పెంచుతుందంటే నమ్ముతారా? ఎక్కువైన టెస్టోస్టిరాన్‌ను ఒంట్లోని అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్‌గా, అంటే ఆడ హార్మోనుగా మార్చేస్తుంది! ఆ ఎంజైము కొవ్వులో దండిగా ఉంటుంది, అందుకే లావెక్కినా ఇదే తంతు.

★ రెండో ప్రపంచయుద్ధంలో ఆకలితో ఎండిపోయిన ఖైదీల్లో కొందరికి, విడుదలై కడుపునిండా తిన్నాక రొమ్ములు పెరిగాయి! తిండి లేక నిద్రపోయిన గ్రంథులు ఒక్కసారిగా మేలుకున్నాయి మరి, వాళ్లకది రెండో యవ్వనమే.

★ గుండె, కాలేయం జబ్బులకిచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర కూడా కారణం కావచ్చు. అది మగ హార్మోను పనికి అడ్డుపడుతుంది. అలాగని సొంతంగా మానేయకండి, డాక్టరుగారికి చెప్పండి! ఒకవైపే గట్టిగా గడ్డ తగిలినా వెంటనే చూపించుకోండి, రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవారిదే.

★ సుమారు 600 మంది మగవారిలో ఒకరు అదనపు ఎక్స్ క్రోమోజోముతో పుడతారు! 1942లో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ వర్ణించిన ఈ స్థితిలోనూ మగ హార్మోను తగ్గి రొమ్ములు పెరగవచ్చు.

★ మేకపోతు పాలిస్తుందా? లెమ్నోస్ దీవిలో అలాంటిదొకటి ఉండేదని 2300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ రాశాడు!

★ మన గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థులను అడిగి చూడండి, ఇంకో వింత చెబుతారు. కొన్నిరకాల వృషణ కణితి వచ్చిన మగకుక్కకు రొమ్ములు పెరగడమే కాదు, మిగతా మగకుక్కలు దాని వెంటపడతాయి! కణితి నుంచి ఊరే ఆడ హార్మోను వాటిని అంతలా బురిడీ కొట్టిస్తుంది.