ఇంటి కావలి కెమెరా

సింగరేణి కార్మికుల యిండ్లలో తండ్రి యే వేళ యింట నుండునో షిఫ్టు నిర్ణయించును. ఒకప్పుడు వేకువను, ఒకప్పుడు మధ్యాహ్నమున, ఒకప్పుడు రాత్రివేళ ఆయన గనికి పోవలసియుండును. తల్లియు బిడ్డలును ఒంటరిగా నుండు రాత్రులును, పండుగకు స్వగ్రామము పోగా ఇంటికి తాళముండు దినములును పెక్కు. కావున గోదావరిఖని, రామగుండము ప్రాంతములందు గుమ్మముపై సీసీ కెమెరా అమర్చుకొనువారు నానాటికి హెచ్చుచున్నారు. ఇది మంచిదే. అయితే కెమెరాను గోడకు బిగించుటతో పని ముగిసినదని తలంచుట పొరపాటు. ఏల పొరపాటో మేమెఱిగిన యొక సంగతివలన విశదపఱచెదము.

మా విద్యార్థి యొకని యింట బీరువాలోని సొమ్ము పోయెను. ఇంటివారు సాయంకాలము 4 గంటలకు తాళము వేసి బంధువుల యింటికి పోయిరి. మఱునాడు కెమెరా చిత్రములు చూడగా, పాత్రలు తోము స్త్రీ 4 గంటల 30 నిమిషములకు సంచితో గేటు దాటుచు కనబడెను. యజమానులు లేనివేళ ఆమెకేమి పనియని అందఱును ఆమెనే అనుమానించిరి. ఆమె యెంత మొఱపెట్టుకొన్నను వినువారు లేకపోయిరి. అప్పుడా బాలుడు చిత్రములను మఱికొంత ముందునకు నడిపి చూచెను. తన తల్లి తలుపునకు తాళము వేయుచున్న దృశ్యము క్రింద 4 గంటల 40 నిమిషములని యుండెను! కెమెరా గడియారము నలువది నిమిషములు ముందు నడచుచుండెను. ఆ స్త్రీ వెడలినప్పుడు ఇంటివారందఱు ఇంటనే యుండిరి. వారామెను క్షమాపణ వేడుకొనిరి. కాని ఆమె మఱల ఆ గడప త్రొక్కలేదు.

ఇంటి కెమెరా పుట్టుటయు కార్మికురాలి ఒంటరితనమువలననే. న్యూయార్కు నగరవాసినియగు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు, వేళ తప్పిన పనిగంటల వలన తఱచు ఇంట ఒంటరిగా నుండవలసివచ్చెను. ఆమెయు, ఎలక్ట్రానిక్సు పని నేర్చిన భర్త ఆల్బర్టును కలిసి, తలుపునకు వచ్చినవారిని లోపలి తెఱపై చూపు యంత్రమును కల్పించి 1966లో దరఖాస్తు పెట్టగా, 1969 డిసెంబరు 2న పేటెంటు లభించెను.

నేడు మన యిండ్లలో సాధారణముగా నుండు ఏర్పాటునకు నాలుగు అంగములు: చూచు కెమెరా, చిత్రములను వ్రాసికొను డీవీఆర్, వానిని దాచు హార్డ్‌డిస్కు, 12 వోల్టుల విద్యుత్తు నొసగు అడాప్టరు. కెమెరాను ఎనిమిది తొమ్మిది అడుగుల యెత్తున, వచ్చువాని ముఖము కనబడునట్లు వంచి బిగింపవలెను. మిక్కిలి యెత్తున నుంచినచో తలలే గాని ముఖములు కనబడవు. ఉదయాస్తమయ సూర్యునికి ఎదురుగా నుంచినచో మనుష్యులు నీడలవలె కనబడుదురు. పెరటి తలుపును మఱువరాదు. ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్లకు గోడలదరు చోట్ల మరలు వదులగును గనుక అప్పుడప్పుడు బిగించుచుండవలెను.

చిత్రములెన్ని దినములు నిలుచునో విద్యార్థులే లెక్కింపవచ్చును. ఒక కెమెరా సెకనునకు 2 మెగాబిట్ల చొప్పున వ్రాసినచో దినమునకు సుమారు 21.6 గిగాబైట్లు, నాలుగు కెమెరాలకు 86. కావున ఒక టెరాబైటు డిస్కు పదునొకండు దినములలో నిండి, పాతవానిపై క్రొత్తవి వ్రాయబడును. నెలదినములు ఊరికి పోవువారు ఈ లెక్క చూచుకొనవలెను. జనులు పెక్కుగా వచ్చు సంస్థలు 30 దినముల చిత్రములను భద్రపఱచవలెనని ఉమ్మడి రాష్ట్రమున 2013లో చేసిన ప్రజాభద్రతా చట్టము విధించినది.

ఇక చిక్కులు. అన్ని కెమెరాలును ఒక్కసారి ఆగినచో ముందు అడాప్టరును చూడుడు. ఒక్కటే ఆగినచో, పనిచేయు కెమెరా తీగను డీవీఆర్‌లో దాని స్థానమున గ్రుచ్చుడు. అప్పుడు బొమ్మ వచ్చినచో డీవీఆర్ నిర్దోషి. లోపము ఆ కెమెరాయందో, దాని తీగయందో యున్నది. ఒక్కసారి ఒక్క వస్తువునే మార్చి చూచుట ప్రయోగశాలలో నేర్చు పద్ధతియే. పగలు బాగుగా నుండి రాత్రి మాత్రమే ఆరిపోవుచున్నచో, చీకటిలో వెలుగు ఇన్‌ఫ్రారెడ్ దీపములకు అధిక విద్యుత్తు కావలెనని గుర్తింపుడు. సన్నని పొడవు తీగలో వోల్టేజి తగ్గిపోవును. రాత్రి బొమ్మ తెల్లగా మసకబాఱినచో అద్దముపై బొగ్గుధూళియో, సాలెగూడో యుండును. ధూళిని మెత్తని కుంచెతో దులిపి, పిమ్మట తడిగుడ్డతో తుడువవలెను. ముందే రుద్దినచో గీతలు పడును. ఇంటి తెఱపై కనబడుచు ఫోనునందు కనబడనిచో లోపము ఇంటర్నెట్టుది. వైఫై కెమెరాలు పెక్కు 2.4 గిగాహెర్ట్జు తరంగములనే గ్రహించును; రౌటరును అందులకనుగుణముగా నుంచవలెను.

అన్నిటికంటె మోసకరమైనది, బొమ్మ ప్రత్యక్షముగా కనబడుచున్నను డిస్కు చెడి ఏమియు వ్రాయబడకుండుట. కావున నెలకొకసారి నిన్నటి చిత్రమును తెఱచి చూడుడు. అప్పుడే గడియారమును ఫోనుతో సరిపోల్చుడు. దినమునకు 7 సెకనులు తప్పినను సంవత్సరమునకు 42 నిమిషములు మించును. లోపలి బిళ్లబ్యాటరీ తీరిపోయినచో కరెంటు పోయినప్పుడెల్ల తేదియు మాఱిపోవును.

పాస్‌వర్డు సంగతి. తయారీదారు లిచ్చిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను మిరాయి అను దుష్ట ప్రోగ్రాము వశపఱచుకొని, 2016 అక్టోబరు 21న డైన్ అను అమెరికా సంస్థపై దాడి చేయగా ట్విట్టరు మొదలగునవి కొన్ని గంటలు స్తంభించెను. ఇంటి కావలి తన కెఱుక లేకయే దొంగకు దాసుడయ్యెను. అమర్చిన దినముననే పాస్‌వర్డు మార్చుడు, అమర్చినవానికిని తెలుపవలదు.

క్వార్టర్లలో గోడకు గోడ యానియుండును. మన కెమెరా పొరుగువారి గుమ్మమును, స్నానపుగదివైపును చూడరాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది.

బాలబాలికలారా, మీ యిండ్లలో ఈ యంత్రముల మర్మము పెద్దలకంటె మీకే యెక్కువ తెలియును. కావున నెలనెల పరీక్షించు భారము మీరు వహింపుడు. కెమెరా చూచినదే చెప్పును. కాని అది యెప్పుడు చూచినదో సరిగా చెప్పించు బాధ్యత మనది. గడియారము తప్పిన కెమెరా అబద్ధ సాక్షి. దాని మాట నమ్మి పేదరాలి నొకతెను దొంగయని పిలిచిన నాడు, పోయిన సొమ్ముకంటె పెద్ద నష్టము జరిగెను.